తరిగొండ వెంగమాంబ: బోర్డు మీద పేరుంది, పాటేది?

  ఎప్పట్లాగే అమీర్‌పేటలో మా రూమ్ నుంచే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో హారన్లు, కింద టిఫిన్ సెంటర్‌లో పెనం మీద గరిటె చప్పుడు వినిపిస్తే కొంచెం సర్దుకోండి.

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక అమీర్‌పేట మెట్రో కిందనుంచి పంజాగుట్ట వైపు నడిచారా ఎప్పుడైనా? రోడ్డు పక్కన బ్యాగులు పెట్టుకుని ట్రావెల్స్ బస్సుల కోసం జనం నిలబడి ఉంటారు. అందులో తిరుపతి బస్సు ఎక్కేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఉద్యోగం వస్తే కొండకొస్తానని మొక్కుకున్నవాళ్ళు, రాకపోతే అడుగుదామని వెళ్ళేవాళ్ళు. ఒక శుక్రవారం నేను వాళ్ళలో ఏడెనిమిది మందిని ఒకే ప్రశ్న అడిగా. వెంగమాంబ అంటే ఎవరండీ?

అందరికీ పేరు తెలుసు. "కొండ మీద అన్నదానం హాలు కదా" అన్నారు ఎక్కువమంది. ఒకబ్బాయి "మీనా యాక్ట్ చేసిన సినిమా ఉంది, మా అమ్మ చూసింది" అన్నాడు. అదీ నిజమే, 2009లో వచ్చింది. ఇంకొకాయన కాస్త ఆలోచించి, "ఆ హాలు కట్టించిన దాత అయ్యుంటారు" అన్నారు. ఆ జవాబు నాకు భలే నచ్చింది. ఎందుకంటే ఆయన చెప్పింది ఒక రకంగా నిజానికి దగ్గరగానే ఉంది. అదెలాగో తర్వాత చెప్తా.

ఒక్కరు కూడా "పాటలు కట్టినావిడ" అనలేదు.

ఈ రోజు మాట్లాడేది ఆ ఒక్క సంగతి గురించే. తరిగొండ వెంగమాంబ ఒక కంపోజర్. మన భాషలో చెప్పాలంటే వాగ్గేయకారిణి, అంటే మాటా తనే, పాటా తనే. ఆమె భక్తురాలని అందరూ చెప్తారు, యోగిని అని చెప్తారు, మహిమలు చెప్తారు. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకి వినడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎందుకు మిగల్లేదో చూద్దాం.

ముందు మనిషి గురించి. పుట్టింది 1730లో, తరిగొండలో. గుర్రంకొండ దగ్గరి ఊరు, పాత చిత్తూరు జిల్లా. నాన్న కానాల కృష్ణయ్య, అమ్మ మంగమాంబ. ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి గుడి. ఆ స్వామి పేరు ఆమె జీవితాంతం వదల్లేదు. తిరుమలకి వెళ్ళిపోయాక రాసినవాటిలో కూడా తరిగొండ నరసింహుడే ఆమె ముద్ర. ముద్ర అంటే తెలుసుగా, పాట చివర్లో కట్టినవాళ్ళు వేసుకునే సంతకం. త్యాగరాజుకి తన పేరే ముద్ర, క్షేత్రయ్యకి మువ్వగోపాలుడు, ఈమెకి సొంతూరి దేవుడు.

చిన్నప్పుడే పెళ్ళి చేశారు. భర్త త్వరగానే పోయారు. ఆ కాలంలో ఆ కులంలో వితంతువు అంటే తల గొరిగించుకోవాలి, బొట్టు తీసేయాలి, ఒక మూల కూర్చోవాలి. ఈమె ఒప్పుకోలేదు. నా భర్త వేంకటేశ్వరుడు, ఆయనకి చావు లేదు, నాకు వైధవ్యం లేదు అంది. 1740లు, 50ల నాటి రాయలసీమలో ఒక అమ్మాయి ఆ మాట అనడం ఎలాంటిదో ఒక్క నిమిషం ఊహించుకోండి. ఊరు వెలి మాట ఎత్తింది. పుష్పగిరి పీఠాధిపతి వచ్చినప్పుడు ఆమెని పిలిపించారని, నమస్కారం పెట్టమంటే, ముందు మీరు ఆసనం దిగండి అని అడిగిందని, ఖాళీ పీఠానికి ఆమె దండం పెట్టగానే అది కాలిపోయిందని ఒక కథ చెప్తారు. జరిగిందా లేదా అనే వాదన ఇక్కడ వద్దు. ఆ కథని ఇంకో పని కోసం పక్కన పెడుతున్నా, మళ్ళీ దాని దగ్గరికొస్తాం.

మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి అనే గురువు దగ్గర ఉపదేశం తీసుకుంది. తరిగొండలో ఉండగానే రాయడం మొదలైంది. నృసింహ శతకం, శివనాటకం, బాలకృష్ణ నాటకం, ద్విపదలో రాజయోగామృతసారం. తర్వాత ఊరు వదిలి తిరుమల చేరింది. అక్కడా ఇరుగుపొరుగుతో పడలేదని, కొన్నేళ్ళు తుంబురుకోన అడవిలో గుహలో ఉందని చెప్తారు. తిరుమలలో ఉండగా వచ్చినవి విష్ణుపారిజాతం, చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం, జలక్రీడా విలాసం, ముక్తికాంతా విలాసం, ద్విపద భాగవతం, వాశిష్ఠ రామాయణం, వేంకటాచల మాహాత్మ్యం, ఇంకా తత్త్వకీర్తనలు. 1817లో తిరుమలలోనే వెళ్ళిపోయింది. ఆమె బృందావనం ఇప్పటికీ అక్కడే ఉంది.

1730 నుంచి 1817. ఈ రెండు అంకెలు ఒకసారి మనసులో పెట్టుకోండి. శ్యామశాస్త్రి పుట్టింది 1762, త్యాగరాజు 1767, దీక్షితార్ 1775. ముగ్గురూ కుర్రాళ్ళుగా ఉన్నప్పటికే ఈమె చేయి తిరిగిన రచయిత్రి. ఈమె పోయేనాటికి త్యాగరాజుకి యాభై ఏళ్ళు. అంటే కర్ణాటక సంగీతానికి స్వర్ణయుగం అని మనం పుస్తకాల్లో చదివే కాలంలో చాలా భాగం ఆమె కళ్ళ ముందే నడిచింది. కాకపోతే అది తంజావూరు వైపు నడిచింది, ఈమె ఉన్నది తిరుమల కొండ మీద.

ఇప్పుడు అసలు విషయం. ఆమె కట్టినవి ఎలాంటి పాటలు?

పైన చెప్పిన పేర్లలో నాటకాలు, విలాసాలు ఉన్నాయి చూడండి, అవి యక్షగానాలు. యక్షగానం అనగానే కొందరికి కర్ణాటకలో పెద్ద కిరీటాలు పెట్టుకుని చేసేది గుర్తొస్తుంది. మన తెలుగు యక్షగానం వేరు. సింపుల్‌గా చెప్పాలంటే మ్యూజికల్. కథంతా పాటల్లో నడుస్తుంది, మధ్యలో కాస్త వచనం, కాస్త పద్యం, కాస్త ద్విపద. పాత్ర స్టేజీ మీదికి వస్తే ఒక పాట, ఇద్దరు దెబ్బలాడుకుంటే ఒక పాట, అలిగితే ఒక పాట. ఆ పాటల్ని దరువులు అంటారు. ఇంకా ఏలలు, అర్ధచంద్రికలు, ధవళాలు, మంగళహారతులు అని రకరకాలు. ప్రతి దరువు పైనా రాగం పేరు, తాళం పేరు రాసుకోవడం యక్షగానాల పద్ధతి. జంపె, త్రిపుట, ఆట, ఏక అని తాళాలు మారుతూ ఉంటాయి. సన్నివేశం మారితే నడక మారుతుంది. ఒక్క కీర్తన రాయడం వేరు, గంటల తరబడి కథని పాటలతో లాగడం వేరు. సింగిల్ రిలీజ్ చేయడానికీ పూర్తి ఆల్బమ్ చేయడానికీ ఉన్నంత తేడా.

ద్విపద గురించి ఒక్క మాట, ఎందుకంటే ర్యాప్ వినేవాళ్ళకి ఇది భలే అర్థమవుతుంది. రెండు పాదాలు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. యతి ఉంటుంది, ప్రాస ఉంటుంది. అంతే, వేల పాదాలు అలా వెళ్ళిపోతూనే ఉంటుంది. ఒకసారి నడక పట్టుబడితే తల ఊపకుండా వినలేం. పండితులు దీన్ని తక్కువగా చూసినా, దంచుతూ, విసురుతూ పాడుకున్నవాళ్ళు దీన్ని బతికించారు. వెంగమాంబ భాగవతాన్ని ఈ ద్విపదలో రాసింది. పోతన పద్యాల్లో రాస్తే ఆమె పాడుకునే కొలతలో రాసింది. ఎవరి నోట్లో పడాలనుకుందో అర్థమవుతోంది కదా.

ఇంకో సంగతి నాకు చాలా ఇష్టం. జలక్రీడా విలాసం అంటే కృష్ణుడూ గోపికలూ నీళ్ళలో ఆడుకోవడం. చెంచు నాటకం అంటే నరసింహస్వామి అడవిలో చెంచు పిల్లని చూసి మనసు పారేసుకోవడం. ఇవి రాసింది ఎవరు? తల గొరిగించుకుని మూల కూర్చోవాల్సింది అని ఊరు తీర్పు చెప్పిన మనిషి. సరసం, అలక, సవతుల పోరు, నవ్వులాట, ఇవన్నీ నీకు లేవు పో అన్నారు కదా, ఆమె వాటన్నిటినీ పాత్రల నోట్లో పెట్టి రాగం కట్టింది. అదే శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని ఉంది. ఆమె దేవదాసి, ఆస్థానంలో ఉన్న విదుషి. ఆమె రాధికా సాంత్వనాన్ని తర్వాతి కాలంలో బూతు అన్నారు. బెంగళూరు నాగరత్నమ్మ పట్టుబట్టి 1910లో మళ్ళీ అచ్చు వేయిస్తే, ఆ తర్వాత నిషేధించారు. ఒకామెని బూతు అని పక్కన పెట్టారు, ఇంకొకామెని దేవత అని పైన పెట్టారు. రెండు దారుల్లోనూ పాట మాత్రం వినపడకుండానే పోయింది. ముద్దుపళని గురించి విడిగా ఒక ఎపిసోడ్ చేయాలి, నోట్ చేసుకుంటున్నా.

సరే, మరి పాట ఎందుకు పోయింది?

ఆ రోజుల్లో స్వరం రాసే అలవాటు దాదాపు లేదు. త్యాగరాజుదీ అదే పరిస్థితి. కానీ ఆయనకి శిష్యులున్నారు. వాలాజాపేట వాళ్ళు, ఉమయాళ్పురం వాళ్ళు, తిల్లైస్థానం వాళ్ళు అని మూడు శిష్య పరంపరలు. గురువు పాడితే విని, నేర్చుకుని, ఊళ్ళు తిరిగి పాడి, వాళ్ళ పిల్లలకి నేర్పారు. దీక్షితార్ కృతులకి 1904లో సుబ్బరామ దీక్షితులు సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథం వేశారు, స్వరాలతో సహా. ఎట్టయపురంలో అచ్చయినా అది తెలుగు లిపిలో ఉంది, ఈ సంగతి మనవాళ్ళకే చాలామందికి తెలీదు. అన్నమయ్య కథ ఇంకోలా నడిచింది. ఆయన పాటల్ని వాళ్ళ కుటుంబం రాగిరేకుల మీద చెక్కించింది. ఇరవయ్యో శతాబ్దంలో అవి తిరుమల గుడి అరలోంచి బయటికొచ్చాయి. వాటి మీద రాగం పేర్లున్నాయి, స్వరాలు లేవు. అప్పుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు కూర్చుని కొత్తగా బాణీలు కట్టారు. ఇవాళ మనం ఫోన్లో వినే అన్నమయ్య పాటల్లో ఎక్కువ భాగం అలా ఈ కాలంలో కట్టిన బాణీలే.

వెంగమాంబకి పాట పాడి తిప్పే శిష్య పరంపర లేదు. ఒంటరి ఆడమనిషి దగ్గరికి ఏళ్ళ తరబడి గురుకులవాసం చేసే మగపిల్లల్ని ఎవరు పంపుతారు? ఆడపిల్లల్ని అసలు పంపరు. రాగిరేకులు చెక్కించే ఆస్తి లేదు. ఆస్థానం లేదు. ఆ కాలంలో ఆ సీమ పరిస్థితి కూడా చూడండి. గుర్రంకొండ కోట కోసం హైదర్ అలీ, మరాఠాలు, నిజాం, టిప్పు కొట్టుకుంటున్నారు. 1801లో తిరుమల గుడి పెత్తనం ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్ళింది. కంపెనీవాడికి గుడి ఆదాయం లెక్క కావాలి, ఉత్తర మాడవీధిలో ఒక ముసలమ్మ ఏ రాగంలో పాడుతోందో వాడికెందుకు?

మాట మిగిలింది. ఆమె రచనల మీద ఆచార్య కె.జె. కృష్ణమూర్తి గారు ఏళ్ళ తరబడి పనిచేశారు, తితిదే పుస్తకాలు వేసింది. ప్రతి ఏటా నరసింహ జయంతికి ఆమె జయంతి చేస్తారు, శ్రావణ శుద్ధ నవమికి వర్ధంతి చేస్తారు. అప్పుడు ఆమె కీర్తనలు గోష్ఠిగానంగా పాడతారు. కాబట్టి పూర్తిగా మర్చిపోయారు అంటే అబద్ధం. కానీ ఒక మామూలు కచేరీకి వెళ్ళండి. ఇక్కడే శ్రీనగర్ కాలనీ నిగమాగమంలో ఎన్ని సాయంత్రాలు కచేరీలు జరుగుతుంటాయి. వర్ణం, గణపతి మీద కృతి, త్యాగరాజు, దీక్షితార్, చివర్లో అన్నమయ్య, తిల్లానా. నేను కూర్చున్న ఒక్క కచేరీలో కూడా వెంగమాంబ పేరు వినపడలేదు.

ఆమెది ఒక్క పాట చోటు మాత్రం ఎవరూ కదపలేకపోయారు. తిరుమలలో రాత్రి ఏకాంత సేవ. స్వామిని పడుకోబెట్టే వేళ. అన్నమయ్య వంశంవాళ్ళు లాలి పాడాలి, తరిగొండవాళ్ళు ముత్యాల హారతి ఇవ్వాలి. తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి అని నానుడే పుట్టింది. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ హారతి పళ్ళెం తరిగొండ పేరు మీదే వెళ్తోంది. పొద్దున్న సుప్రభాతం కోసం మనం అలారం పెట్టుకుంటాం కానీ, రోజు ముగించే చివరి మర్యాద ఒక ఆడమనిషిదని ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు పక్కన పెట్టిన కథ దగ్గరికి వద్దాం. వెంగమాంబ మహిమల్లో ఇంకోటి బాగా చెప్తారు. బ్రహ్మోత్సవాల్లో రథం వస్తోంది, ఆమె హారతి ఇవ్వబోతే పూజారులు వద్దన్నారు. రథం ఆగిపోయింది. ఎంతమంది లాగినా కదల్లేదు. ఆమెని బతిమాలి హారతి ఇప్పిస్తే అప్పుడు కదిలింది. ఇదీ కథ. దీన్ని మగ వాగ్గేయకారుల కథలతో పోల్చి చూడండి. అన్నమయ్యని సంకెళ్ళు వేసి చెరలో పెడితే ఆయన పాడాడు, సంకెళ్ళు ఊడాయి అంటారు. దీక్షితార్ ఎట్టయపురం దారిలో ఎండిన నేలని చూసి అమృతవర్షిణి పాడితే వాన పడింది అంటారు. వాళ్ళ కథల్లో మహిమ చేసేది పాట. అందుకే ఆ కథ చెప్పిన ప్రతిసారీ పాట కూడా వినిపిస్తారు. వెంగమాంబ కథల్లో మహిమ దేనికి వాడారు? ఆమెని అడ్డుకున్నవాళ్ళని తప్పుకోమనడానికి. పీఠం కాలిందంటే ఆమె జుట్టు ఆమెకి మిగలడానికి. రథం ఆగిందంటే ఆమెకి హారతి ఇచ్చే హక్కు దక్కడానికి. పర్మిషన్ దొరకడానికే మహిమలన్నీ ఖర్చయిపోయాయి, పాట గురించి చెప్పుకోవడానికి మిగల్లేదు. ఇది నా అభిప్రాయం, మీరు కాదనొచ్చు, కామెంట్లో పోట్లాడొచ్చు.

అన్నదానం సంగతి చెప్తానన్నాను కదా. ఏటా నరసింహ జయంతి సమయంలో పది రోజులు కొండకి వచ్చేవాళ్ళకి ఆమె అన్నం పెట్టించేది, దారుల్లో చలివేంద్రాలు పెట్టించేది. దానికోసం జనం ఆమెకి భూములు, డబ్బు రాసిచ్చారు. దానపత్రాలు ఉన్నాయి. అంటే పద్దెనిమిదో శతాబ్దంలో కొండ మీద ఒక సంస్థ నడిపినావిడ. అందుకే 2011లో తెరిచిన ఆ పెద్ద భవనానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. పేరు సరైన చోటే పెట్టారు, అందులో తేడా లేదు. ఆ బస్సాయన "దాత" అన్నది అందుకే నాకు నచ్చింది.

ఇప్పుడు పంజాగుట్టకి వెళ్దాం. అమీర్‌పేట నుంచి ఒక్క మెట్రో స్టాప్. అక్కడ ఒక పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఒక టీచరమ్మ పిల్లలకి సంగీతం చెప్తారు. పేరు వద్దన్నారు కాబట్టి చెప్పను. డెబ్బై దాటాయి. లిఫ్ట్ పనిచేయదు, పనిచేసినా ఆవిడ ఎక్కరు. శనివారం పొద్దున నేను వెంగమాంబ కీర్తనల పుస్తకంలోంచి కొన్ని పేజీలు ఫోన్లో ఫోటోలు తీసుకుని వెళ్ళా. "అమ్మా, ఇది పాడితే ఎలా ఉంటుందో కాస్త చెప్తారా" అన్నా.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఫోన్ దూరంగా పట్టుకుని చదివారు. "పుస్తకం తేవాల్సింది కదమ్మా, దీంట్లో అక్షరాలు చీమల్లా ఉన్నాయి" అన్నారు. నేను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూపించా. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తొడ మీద తాళం వేస్తూ మాటల్ని మనసులోనే నడిపిస్తున్నారు. నేను పాడతారనుకుని రికార్డర్ ఆన్ చేసి కూర్చున్నా. నాలుగు నిమిషాలు తాళం చప్పుడే ఉంది ఆ ఫైల్లో.

"చూడు తల్లీ, రాగం పేరు ఉన్నంత మాత్రాన పాట దొరికినట్టు కాదు" అన్నారు. ముఖారినే ఉదాహరణగా చెప్పారు. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధి రాసినప్పుడు ముఖారి అంటే అన్నీ శుద్ధ స్వరాలున్న మేళం. ఇవాళ మనం పాడే ముఖారి ఖరహరప్రియ జన్యం. పేరు అదే, రాగం అది కాదు. అడ్రస్ అదే, ఇంట్లో మనుషులు మారిపోయారు. కాబట్టి పాత పుస్తకంలో రాగం పేరు కనపడగానే హార్మోనియం ముందేసుకుని మొదలెట్టేస్తే ఏదో ఒక పాట వస్తుంది కానీ, ఆమె పాట వస్తుందని చెప్పలేం.

మరి ఏం చేయాలి? ఆవిడ చెప్పిన పద్ధతి ఇది. ముందు తాళం. తాళం అంత తొందరగా మోసం చేయదు. మాటల్లో గురువు, లఘువు, అంటే పొడుగు అక్షరం, పొట్టి అక్షరం ఎక్కడ పడుతున్నాయో చూస్తే పాట ఎలా నడిచేదో చాలావరకు తెలుస్తుంది. యతి పడిన చోట ఊపిరి. ప్రాస ఉన్న చోట చిన్న దెబ్బ. రెండోది, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? యక్షగానంలో దరువు అంటే మాటకి మాట. అలిగినామె పాడే పాటలో సాగదీత ఉండదు. మూడోది, పాడేది ఎవరు? "ఇది కచేరీ గొంతు కోసం కట్టింది కాదమ్మా, పదిమంది ఆడవాళ్ళు కలిసి పాడుకోవాలి, నాలుగో స్వరానికే గొంతు చించుకునేలా కట్టకూడదు" అన్నారు. ఇవన్నీ చూసుకుని చివర్లో రాగం.

అలా ఒక పల్లవి కట్టారు. ఒకసారి కట్టి, వద్దని చెరిపేసి, మళ్ళీ. రెండోసారి బాణీ బాగా తేలికగా వచ్చింది, మంగళహారతికి దగ్గరగా. వంటింట్లోంచి ఆవిడ కోడలు వచ్చి గుమ్మంలో నిలబడి, "అత్తయ్యా, ఇది మా అమ్మమ్మ పాడే హారతి పాటలా ఉంది" అన్నారు. ఆ కోడలిగారిది మదనపల్లె దగ్గర పల్లెటూరు.

టీచరమ్మ తాళం ఆపేశారు. "ఏదీ, అది పాడు" అన్నారు.

ఆవిడ సిగ్గుపడ్డారు, నాకు రాదు అన్నారు, గుర్తులేదు అన్నారు. చివరికి రెండు లైన్లు పాడారు. మాటలు వేరు. అది వెంగమాంబ పాట కూడా కాదు, ఊళ్ళో పెళ్ళిళ్ళలో పాడే హారతి. కానీ అందులో ఒక మలుపు ఉంది, పైనుంచి కిందికి దిగేటప్పుడు ఒక స్వరాన్ని వదిలేసి దూకడం. టీచరమ్మ దాన్ని ఆవిడ చేత నాలుగుసార్లు పాడించారు. తర్వాత నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నలభై ఏళ్ళుగా సంగీతం చెప్తున్న మనిషి, పాతికేళ్ళుగా అదే ఇంట్లో ఉన్న కోడలి దగ్గర ఆ రోజు మొదటిసారి పాట రాసుకున్నారు. పొయ్యి మీద పప్పు అడుగంటింది, అది వేరే సంగతి.

మెట్లు దిగుతూ ఆలోచించా. పెద్ద సంగీతానికి పరంపర అంటే గురువూ శిష్యులూ. ఇంటి సంగీతానికి పరంపర అంటే అమ్మమ్మ, అమ్మ, కూతురు. నోము రోజుల్లో, సీమంతాల్లో, పెళ్ళిళ్ళలో పాడతారు. పేరంటానికి ఎవరూ పేరు వేయరు, రికార్డ్ చేయరు, కచేరీ అనరు. వెంగమాంబ రాసిన కొలతలు, ద్విపద, ఏల, ధవళం, మంగళహారతి, అన్నీ ఈ ఇంటి దారిలో నడిచేవే. ఆమెకి శిష్యులు లేరని ఇందాక నేనే చెప్పాను. తంజావూరు లెక్కలో లేరు. ఈ లెక్కలో ఎంతమంది ఉండేవారో!

ఇక్కడ హాస్టళ్ళలో గుర్రంకొండ, పీలేరు, మదనపల్లె, రాయచోటి, వాయల్పాడు వైపు నుంచి వచ్చినవాళ్ళు బోలెడంతమంది ఉన్నారు. మైత్రీవనం చుట్టూ జావా, టెస్టింగ్, డేటా సైన్స్ ఫ్లెక్సీల కింద రోజూ కనపడే మొహాలే. వాళ్ళకే ఈ రిక్వెస్ట్. పండక్కి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో హారతి పాటలు పాడమనండి. ఒకటి కాదు, వచ్చినవన్నీ. ఫోన్‌ని మరీ మూతి దగ్గర పెట్టకండి, సిగ్గుపడతారు. పక్కన స్టూల్ మీద పెట్టేసి మామూలుగా మాట్లాడుతూ ఉండండి. ఫ్యాన్ ఆపండి, చప్పుడు ఎక్కువ పడుతుంది. మర్చిపోతే మధ్యలో అందించకండి, కాసేపటికి వాళ్ళకే గుర్తొస్తుంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఏ ఊరు, ఏ సందర్భంలో పాడతారు, ఈ మూడూ అడిగి అదే ఆడియోలో పెట్టండి. రాగం తెలియక్కర్లేదు. పాటలో తరిగొండ అనే మాట వినపడితే మాత్రం ఆ చోటు టైమ్ రాసి పంపండి.

వెతకాలనుకునేవాళ్ళకి ఒక చిన్న చిట్కా. వెంగమాంబ అని ఒక్కటే కొట్టకండి. వెంకమాంబ, వేంకమాంబ అని కూడా రాస్తారు. పుస్తకాలు ఒక పేరుతో, ఆడియోలు ఇంకో పేరుతో దొరుకుతాయి.

టీచరమ్మ కట్టిన పల్లవి ఈ ఎపిసోడ్‌లో వినిపించట్లేదు. ఇంకా కుదరలేదు అంటున్నారు, చరణం దగ్గర మనసు ఒప్పుకోవట్లేదట. వచ్చే శనివారం మళ్ళీ రమ్మన్నారు. ఈసారి పుస్తకమే తీసుకెళ్తున్నా. కోడలిగారు కూడా కూర్చుంటానన్నారు, పొయ్యి ఆపేసి.